నీళ్ళ మేడం

జ్ఞాపకార్థ కూడికలో చదవడానికి ఒక పేజీ రాసివ్వమని పాస్టరు గారు ఫోన్ చేశారు. మీరు తెలుగు లెక్చరరు, పైగా ఆవిడతో రోజూ ఒకే బస్సులో తిరిగినవారు, మీకంటే ఎవరికి తెలుస్తుంది అన్నారు. సరేనని కూర్చున్నాను. పుట్టిన ఊరు, చదివిన కాలేజీలు, ఉద్యోగంలో చేరిన ఏడు, రిటైరైన ఏడు, చర్చిలో పాటల బృందంలో ఉన్న కాలం. పెళ్ళి చేసుకోలేదు. ఎనిమిది వాక్యాలకి అయిపోయింది. ఆ కాగితమే పంపించాను. ఆదివారం దాన్ని మైకులో చదువుతుంటే రెండో వరసలో కూర్చుని విన్నాను. రాసింది నేనే అయినా, ఎవరి గురించి చదువుతున్నారో నాకే తెలియలేదు.

అందుకని ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. ఆవిడకి పేర్లతో పెద్దగా పని ఉండేది కాదు. స్టాఫ్ రూములో అందరినీ సబ్జెక్టు పెట్టి పిలిచేవారు. లెక్కల గారు, బోటనీ గారు, కామర్సు గారు. నేను తెలుగు గారిని. నా అసలు పేరు ఆవిడకి తెలుసో లేదో అని పదేళ్ళ తరవాత కూడా నాకు అనుమానమే.

మా కాలేజీ రాజమండ్రిలో. ఇద్దరం ఉండేది కొవ్వూరులో. నాకు మా ఆయన, పిల్లలు, అత్తగారు. ఆవిడ గోదావరి గట్టు దగ్గర ఒక ఇంట్లో మేడ మీద రెండు గదుల వాటాలో ఒక్కరే ఉండేవారు. పొద్దున్న ఎనిమిదింబావు బస్సు. ఆవిడ ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చునేవారు. కానీ కిటికీలోంచి చూడగా నేను చూడలేదు. వంతెన మీద ఎంత వరదొచ్చినా, బస్సులో అందరూ లేచి నిలబడి చూస్తున్నా, ఆవిడ ఫోనులో గీతలు చూసుకుంటూ కూర్చునేవారు. చూసే ముందు కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచేవారు. ఒకసారి తుడిచాక వెలుగుకి ఎత్తిపట్టి చూసి మళ్ళీ తుడిచేవారు. "ముందు మన మురికి తీసేసుకోవాలండి" అనేవారు. అది కళ్ళజోడు గురించేనని చాలాకాలం అనుకున్నాను.

ఆ గీతలు చూసి కండక్టరు ఆవిడ షేర్ మార్కెట్టు చేస్తారనుకున్నాడు. ఏవి కొనాలో మాకూ చెప్పండి మేడం అని ఒకరోజు అడిగాడు. ఆవిడ నవ్వకుండా, "ఇవన్నీ పడేవేనండి, లేచేవి కావు" అన్నారు. అతను నిజమే అనుకుని తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆవిడ చెప్పింది నిజమే. ఆ గీతలు నక్షత్రాల వెలుగువి. మన సూర్యుడి చుట్టూ మనం తిరుగుతున్నట్టే వేరే నక్షత్రాల చుట్టూ కూడా గ్రహాలు తిరుగుతుంటాయట. తిరుగుతూ తిరుగుతూ ఒక గ్రహం తన నక్షత్రానికి మనకి మధ్య అడ్డొస్తే, ఆ నక్షత్రం వెలుగు వెంట్రుకవాసి తగ్గుతుంది. గీత పడుతుంది. ఆ గ్రహం చుట్టూ గాలి ఉంటే, ఆ గాలి అంచులోంచి కొంచెం వెలుగు వడకట్టుకుని వస్తుంది. ఒక్కో వాయువు ఒక్కో రంగు వెలుగుని తినేస్తుంది. ఏ రంగు ఎంత తగ్గిందో చూసి, అక్కడి గాలిలో ఏముందో చెప్పాలి. ఆవిడ పని అదీ. టెలిస్కోపులు పట్టిన లెక్కలు ఇంటర్నెట్టులో ఎవరైనా తీసుకోవచ్చు. ఆవిడ వాటిని తెచ్చుకుని ఫిజిక్సు ల్యాబు వెనకాల పాత తూకం మిషన్లు పెట్టే గదిలో లాప్‌టాప్ ముందు కూర్చునేవారు.

అది ఎంత కష్టమైన పనో నాకు అర్థం కావడానికి ఒకసారి ఇలా చెప్పారు. కాకినాడ లైట్‌హౌసు దీపం ముందు ఒక దోమ ఎగిరిందనుకోండి. మనం కొవ్వూరులో కూర్చుని, ఆ దోమ రెక్క మీద దుమ్ము ఏ రంగో చెప్పాలి. నేను అమ్మో అన్నాను. "దోమ ఉందని చెప్పడం వరకూ తేలికేనండి" అన్నారు ఆవిడ.

మరి రాత్రిళ్ళు మేడెక్కి నక్షత్రాలు చూస్తారా అని కొత్తలో అడిగాను. నాకు ఆకాశం తెలియదండి అన్నారు. నిజంగానే తెలియదు. కాలేజీ పిల్లలు సాయంత్రం పూట పడమటి వైపు వెలుగుతున్న చుక్క చూపించి ఏదని అడిగితే, ఏమో అమ్మా, ఫోనులో చూడండి అనేవారు. పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవారు.

ప్రతి బుధవారం మధ్యాహ్నం రెండున్నరకి ఆవిడకి మీటింగు. నాలుగైదు దేశాల వాళ్ళు ఎనిమిది మంది. వాళ్ళు అచ్చువేసిన ఒక లెక్కలో తప్పు కనిపెట్టి, క్షమించండి, నా పొరపాటైనా కావచ్చు అంటూ ఆవిడ ఉత్తరం రాశారట. వాళ్ళు రమ్మన్నారట. మా కాలేజీ నెట్టు నెమ్మది కనక కెమెరా ఆపేసే మాట్లాడేవారు. అయినా రెండుంబావుకి పమిట సర్దుకుని, జడ ముందుకి వెనక్కి చూసుకుని, కుర్చీ గోడకి సమంగా జరుపుకునేవారు. ఎవరికీ కనబడరు కదండీ అన్నాను ఒకసారి. "నాకు కనబడతానుగా" అన్నారు.

చర్చిలో ఆవిడ ఆల్టో పాడేవారు. అంటే అసలు పాట వరస కాదు, దాని కింద నడిచే రెండో వరస. బస్సులో గొంతు పైకి రాకుండా అదే పాడుకునేవారు. ఎంత చెవి పెట్టి విన్నా అది ఏ పాటో నాకు అంతుపట్టేది కాదు. మిగతా గొంతులు లేకుండా ఆ వరస ఒక్కటీ విన్నవాళ్ళకి అది పాటలా ఉండదు, దారి తప్పినట్టుంటుంది. ఏం పాటండీ అంటే పేరు చెప్పేవారు. నాకు తెలిసిన పాటే అయ్యుండేది.

ఒక ఏడాది ఆవిడ నా దగ్గరికి ఒక నోట్‌బుక్కు పట్టుకుని వచ్చారు. ఈ సంగతి పిల్లలకి తెలుగులో చెప్పాలని ఉంది, మాటలు మీరివ్వండి అన్నారు. నా పదిహేనేళ్ళ ఉద్యోగంలో సైన్సు వాళ్ళు నా సబ్జెక్టు అవసరమని రావడం అదే మొదలు. గ్రహం చుట్టూ ఉండే గాలిని ఏమనాలి? వాతావరణం అన్నాను. అలా అంటే పిల్లలు వానొస్తుందా అంటారండి అన్నారు. వాయుమండలం అన్నాను. "మండలం అంటే తహసీల్దారు ఆఫీసు గుర్తొస్తుందండి" అన్నారు. వారం రోజులు బస్సులో అదే పని. చివరికి గాలిపొర దగ్గర ఆగాం. గ్రహం నక్షత్రం ముందుకి రావడానికి నేనేవేవో సంస్కృత సమాసాలు చెప్పాను. ఆవిడ అన్నీ రాసుకుని, మర్నాడు అన్నీ కొట్టేసి, అడ్డురావడం అని రాసుకొచ్చారు. ఆ వారమంతా ఆవిడ మాట్లాడినంత మరెప్పుడూ మాట్లాడలేదు.

ఆ తరవాత కొన్ని నెలలకి, వంతెన మీద బస్సు ఆగి ఉంది. ముందు ఏదో లారీ చెడిపోయింది. కింద రైలు వెళుతుంటే వంతెన సన్నగా ఒణుకుతోంది. ఆవిడ ఫోను ఒళ్ళో బోర్లా పెట్టి, ఇంట్లో కోడలికి నెల తప్పిందని పక్కింటావిడకి చెప్పే గొంతుతో, "నీళ్ళు కనబడ్డాయండీ" అన్నారు.

ఎక్కడ అన్నాను, గోదావరి వైపు చూస్తూ.

ఒక చిన్న గ్రహం. ఇంచుమించు మన భూమంత. చిన్న ఎర్ర నక్షత్రం చుట్టూ తిరుగుతోంది. దాని గాలిపొరలో నీటి ఆవిరి జాడ. ఆవిడ లెక్కలోనే ముందు కనబడింది. మిగతావాళ్ళు చూశారు, వాళ్ళకీ కనబడింది. వ్యాసం రాస్తున్నారు. అందులో పేర్ల వరసలో మొదటి పేరు ఆవిడది. ఇంకా చాలా చూడాలండి, ఎవరితోనూ అనకండి అన్నారు.

నేను ఆగలేకపోయాను. చెడు ఉద్దేశం లేదు. స్టాఫ్ రూములో ఎవరో, ఆవిడ ఆ కొట్టుగదిలో ఏం చేస్తారమ్మా రోజంతా అని వెటకారంగా అంటే, నాకు ఒళ్ళు మండి మొత్తం చెప్పేశాను. మధ్యాహ్నానికి ప్రిన్సిపాల్ గారికి తెలిసింది. రెండు రోజులకి ఒక విలేకరి వచ్చాడు. ఆవిడ అతనికి గంటసేపు, ఉండవచ్చు, అనిపిస్తోంది, తేలాలి అని చెప్పారు. పేపర్లో మాత్రం నీళ్ళున్న గ్రహాన్ని కనిపెట్టిన రాజమండ్రి లెక్చరర్ అని వచ్చింది. పాస్టరు గారు ఆదివారం చర్చిలో లేపి నిలబెట్టారు. కాలేజీ సన్మానం పెట్టింది. గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. ఇంటర్నెట్టులోంచి తీసిన నీలం గ్రహం, పక్కన ఆవిడ ఐడీ కార్డు ఫోటో. వేదిక మీద ఆవిడని పరిచయం చేసే పని నాది. రెండు పేజీలు రాసుకున్నాను. బాగా రాశాననే అనుకున్నాను.

ఎవరు చెప్పారని ఆవిడ నన్ను అడగలేదు. పిల్లలు సంతోషపడుతున్నారు కదా అని మాత్రం ఒకసారి అన్నారు. కానీ సన్మానానికి ముందు రెండు వారాలు బస్సులో పాట ఆగిపోయింది. స్టేజీ భయం కాబోలనుకున్నాను.

ముందు రోజు సాయంత్రం తిరుగు బస్సులో చెప్పారు.

"నీళ్ళు గ్రహానివి కావండీ. నక్షత్రానివే."

నక్షత్రం మీద నీళ్ళేంటి అన్నాను. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. ఆ ఎర్ర నక్షత్రం మీద మచ్చలున్నాయి. మచ్చల దగ్గర మిగతా చోటికంటే చల్లన. ఆ చల్లదనానికి అక్కడ నీటి ఆవిరి నిలవగలదు. మనకి కనబడింది ఆ ఆవిరి జాడ. గ్రహం అడ్డొచ్చినప్పుడు లెక్కలో దూరి గ్రహానిదిలా అనిపించింది. రెండు వారాలుగా అన్ని రకాలుగానూ తిప్పి తిప్పి చూశాను, ఎటు చూసినా అదే వస్తోంది అన్నారు. పొద్దున్నే వాళ్ళందరికీ ఉత్తరం రాసేశాను, వ్యాసం ఆపమన్నాను అన్నారు. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. తుడవలేదు.

నాకు ముందు ఫ్లెక్సీ గుర్తొచ్చింది. తరవాత నా రెండు పేజీలు. ప్రిన్సిపాల్ గారు పిలిచిన ముఖ్య అతిథి, బొకేలు, ఆర్డరిచ్చిన టిఫిన్లు.

"రేపొక్క పూట ఊరుకోండి మేడం" అన్నాను. "శాలువా కప్పించుకుని వచ్చేయండి. ఇక్కడ ఎవరికి తెలుస్తుందండీ? తరవాత నిదానంగా చెప్పుకోవచ్చు."

ఆవిడ నా వైపు చూశారు. కోపంగా చూసినా బాగుండేది. దారిలో పలకరించిన మనిషి తనకి తెలిసినావిడ కాదని తేలినప్పుడు చూసినట్టు చూశారు. తరవాత కళ్ళజోడు పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూశారు. ఆవిడ గోదావరిని చూడడం అదే మొదటిసారి. కొవ్వూరులో దిగినప్పుడు వస్తానండి అన్నారు, ఎప్పటిలాగే.

మర్నాడు సెమినార్ హాలు నిండింది. నేను రాసుకున్న రెండు పేజీలూ ఒక్క మాట మార్చకుండా చదివాను. మార్చాలని రాత్రి అనుకున్నాను, పొద్దున్న అనుకున్నాను, మైకు ముందు నిలబడి కూడా అనుకున్నాను. భూమికి ఆవల నీటి జాడ పట్టిన మన మేడం అని గొంతు పెంచి చదివాను. చప్పట్లు మోగాయి.

ఆవిడ లేచి వచ్చారు. మైకు ఎత్తు తగ్గించుకున్నారు.

"తెలుగు గారు చదివింది పాత కాగితమండి. తప్పు వారిది కాదు. అక్కడ నీళ్ళున్నాయని నేను చెప్పాను. అది పొరపాటు. అవి నక్షత్రం మీద మచ్చలవి. పేపర్లో వచ్చింది నిజం కాదు, పిల్లలు అది పరీక్షల్లో రాయకండి."

తరవాత పది నిమిషాలు బోర్డు మీద బొమ్మ వేసి, అడ్డురావడం, గాలిపొర, మచ్చ అన్నీ తెలుగులోనే చెప్పారు. ఎవరూ వినలేదు. ముందు వరసలో గుసగుసలు. వినయంతో అలా అంటున్నారు అనుకున్నవాళ్ళు మళ్ళీ చప్పట్లు కొట్టారు. శాలువా తెచ్చేశారు కనక ప్రిన్సిపాల్ గారు ముళ్ళ మీద ఉన్నట్టు నిలబడి కప్పారు. ఆవిడ దాన్ని అక్కడే మడతపెట్టి కుర్చీ మీద పెట్టి వెళ్ళిపోయారు.

విలేకరి దిద్దుబాటు వేయలేదు. ఫ్లెక్సీ విప్పేవాళ్ళు లేక రెండు నెలలు గేటు దగ్గరే ఉండి, తుపాను గాలికి చిరిగి వేలాడింది. పిల్లలు ఆవిడకి నీళ్ళ మేడం అని పేరు పెట్టారు. ఎదురుపడి ఎవరూ అనలేదు గానీ, కారిడార్లో వినబడేది. ఆవిడ విననట్టు నడిచిపోయేవారు.

ఆ బుధవారం మీటింగు వాళ్ళు మాత్రం ఆవిడని వదిలిపెట్టలేదు. వ్యాసాన్ని తిప్పి రాశారు, ఇలాంటి మచ్చలు ఎలా మోసం చేస్తాయో చెబుతూ. ఆ సంగతి నాకు ఆవిడ చెప్పలేదు. లెక్కల గారి ద్వారా తెలిసింది.

ఆవిడ నాకు చెప్పడం మానేశారు. బస్సులో నా పక్కనే కూర్చునేవారు. మీ అత్తగారికి కాలు ఎలా ఉందని అడిగేవారు. బీరకాయల ధర, డీఏ బకాయిలు, వంతెన రిపేరు కోసం మూసేస్తే చుట్టూ తిరిగి వెళ్ళాల్సిన బాధ, అన్నీ మాట్లాడుకునేవాళ్ళం. గ్రహాల మాట మాత్రం లేదు. ఫోనులో గీతలు వస్తూనే ఉన్నాయి, ఆవిడ చూస్తూనే ఉన్నారు. ఇదేంటండీ అని నేను అడగొచ్చు. అడగడానికి మొహం చెల్లలేదు. అలా మూడేళ్ళు. అంతకుముందు ఈ ఊళ్ళో ఆ సంగతి చెప్పుకోవడానికి ఆవిడకి ఉన్నది నేనొక్కదాన్ని. అర్థమయ్యీ కాకుండానైనా వినేదాన్ని. ఆ ఒక్క చెవి కూడా పోయింది.

రిటైరయ్యాక ఆవిడ బస్సులో కనబడడం మానేశారు. నేనూ వారానికోసారి వెళదామనుకుని నెలకోసారి, తరవాత అదీ లేక, ఫోన్లతో సరిపెట్టాను. జబ్బు సంగతి ఆవిడ కింద వాటాలో ఉండే నూకరత్నం చెబితే తెలిసింది. నూకరత్నం భర్త గోదావరిలో చేపలు పడతాడు, తను బజార్లో అమ్ముతుంది. ఆ ఇంటి ఓనరు కూడా తనే. బజార్లో నన్ను చూసి, మేడం గారి ఒంట్లో ఏం బాగాలేదు, ఓసారి వచ్చి పొండి అంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. మెట్ల దగ్గరే నూకరత్నం జావ గ్లాసు నా చేతికిచ్చింది. "నిన్నట్నించి ఏం తినలేదండి. మీరు చెబితే తాగుతారేమో చూడండి" అంది.

ఆవిడ మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. సగమైపోయారు. పక్కన లాప్‌టాప్ మూసి ఉంది. నన్ను చూసి కూర్చోమన్నారు. కాసేపు అత్తగారి కాలు గురించే మాట్లాడాం. తరవాత ఉన్నట్టుండి, "గాలి లేదటండీ" అన్నారు.

ఫ్యాను తిరుగుతోంది. నేను లేచి కిటికీ తలుపు బార్లా తెరవబోయాను.

"ఇక్కడ కాదండి. అక్కడ."

అర్థమై వచ్చి కూర్చున్నాను. ఇన్నేళ్ళ తరవాత గ్రహాల గురించి ఆవిడ నాతో అన్న మొదటి మాట అది. పెద్ద టెలిస్కోపుతో మళ్ళీ చూశారట. ఆ గ్రహానికి నీళ్ళు సరే, అసలు గాలిపొరే ఉన్నట్టు లేదట. ఒట్టి రాయి. ఉన్న గాలి నక్షత్రం వేడికి ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది అన్నారు. నెమ్మదిగా, ఊపిరి తీసుకుంటూ, అన్నీ చెప్పారు. నేను మధ్యమధ్య ఊఁ అంటూ విన్నాను. చెప్పాక కళ్ళు మూసుకున్నారు.

అప్పటికి ధైర్యం వచ్చింది నాకు. ఆ రోజు బస్సులో నా మీద కోపం వచ్చింది కదండీ మీకు, శాలువా కప్పించుకోమన్నందుకు అని అడిగాను. పేపర్లోకి ఎక్కడానికి కారణం కూడా నేనేనని చెప్పాను. అది తెలుసు అన్నట్టు చెయ్యి ఆడించారు.

"కోపం కాదండీ" అన్నారు. "ఏం చెయ్యాలో నాకు తెలుసు. అది నేను మిమ్మల్ని అడగలేదు. రెండు వారాలు ఎవరితోనూ అనకుండా ఉన్నాను. వాళ్ళకి రాస్తే వాళ్ళు లెక్కలు పంపారు. లెక్కలకేం, అవి నా దగ్గరా ఉన్నాయి. నీళ్ళు పోయాయండీ అని చెబితే, ఎవరో ఒకరు అయ్యో అంటారేమో అనుకున్నాను. అంతేనండి."

కిందనించి నూకరత్నం ఎవరితోనో చేపల బేరం ఆడుతున్న గొంతు వినబడుతోంది. అప్పుడైనా ఆ మాట అనాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా.

"జావ చల్లారిపోతోందండీ, తాగండి" అన్నాను.

ఆవిడ గ్లాసు అందుకుని, నా కోసమని, మొత్తం తాగారు.